బట్టలు ఉతికే గది

బట్టలు ఉతికే గది అనగా మాసిన బట్టలను పోగుచేసి నానబెట్టడానికి, ఉతకడానికి, ఆరవేయడానికి, ఇస్త్రీ చేసి సర్దడానికి ఇంటిలో కేటాయించిన గది లేదా స్థలం. పాశ్చాత్య దేశాలలో ఇది తరచుగా ప్రత్యేకమైన గది. తెలుగు ప్రాంతాలలో పెరడు, స్నానాల గది, వంటింటి వెనుక వసారా, డాబా ఈ పనికి ఉపయోగపడుతున్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లా (2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లా) లోని అమ్రాబాద్ వంటి మెట్ట ప్రాంతాలలో ఈ స్థలం ఎక్కడ ఉండాలో నిర్ణయించేవి నీరు, నేల వాలు, విద్యుత్తు. అలంకరణ ఆ తరువాతి విషయం.

పూర్వపు పద్ధతి

పాత ఇళ్లలో ఉతుకుడుకు గది లేకపోవడానికి కారణం ఉంది. గ్రామంలోని రజకులు మాసిన బట్టలను మూటగట్టి చాకిరేవుకు తీసుకొనిపోయేవారు. చవుడు మట్టితో నానబెట్టి, ఉబ్బలో ఆవిరి పట్టి, బండపై ఉతికేవారు. వారికి ప్రతిఫలం ఏటా ధాన్యరూపంలో ముట్టేది. నిజాం కాలంలో దొరల ఇళ్లకు ఈ పని వెట్టిగా, కూలి లేకుండా చేయవలసి వచ్చేది. ఇంటి వద్ద ఉతికే చిన్న బట్టలకు పెరట్లోని జాలారు బండ, పక్కన నీళ్ల గోలెం సరిపోయేవి. ఆ మురుగు మోరి గుండా బయటికి పోయేది. రేవు పద్ధతి తగ్గిన కొద్దీ ఆ బరువు ఇంటి ఆడవారిపై పడింది, కానీ దానికి తగిన చోటు మాత్రం చాలా ఇళ్లలో ఏర్పడలేదు.

నీరు

గట్టి రాతి నేలలలో బోరు నీరు తరచుగా కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టుగా మారతాయి. నురగ రాదు, తెల్లని బట్టలు బూడిదరంగుకు తిరుగుతాయి, యంత్రంలోని హీటరుపై పొర కడుతుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. నల్గొండ నీరు అనగానే ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది కానీ, సబ్బును విరగ్గొట్టేది ఫ్లోరైడు కాదు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కృష్ణా, గోదావరి జలాలను శుద్ధిచేసి నల్లాల ద్వారా అందిస్తున్నది. రెండు రకాల నీరు ఉన్న ఇంటిలో సబ్బు పెట్టడానికి, చివరి జాడింపుకు నల్లా నీరు వాడుకుంటే మేలు. అందుకై గదిలో ఒక తొట్టి కట్టుకోవాలి.

నేల, మురుగు

నేలకు నున్నని టైల్స్ కంటే పాలిష్ చేయని షాబాద్ బండలు నయం, కాలు జారదు. నాలుగడుగులకు అర అంగుళం చొప్పున మోరి వైపు వాలు ఉండాలి. యంత్రపు మురుగు గొట్టం చివర నేలనుండి సుమారు 60 నుండి 100 సెం.మీ. ఎత్తున ఉండాలి. కింద పడవేస్తే కొన్ని యంత్రాలలో నీరు నిలవక ఖాళీ అవుతూనే ఉంటుంది. సబ్బునీటి ఇంకుడు గుంతను బావికి, బోరుకు దూరంగా తవ్వాలి.

విద్యుత్తు, దండెం

అన్నిటికంటె ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. ఇనుప తీగతో కట్టిన దండెం ఇంటి సర్వీసు వైరుకు తగిలినా, ఒరుసుకున్నా మొత్తం తీగలో విద్యుత్తు ప్రవహిస్తుంది. తడి బట్ట ఆరవేసే మనిషి, ఆమెను పట్టుకోబోయిన మనిషి కూడా మరణించిన సంఘటనలు తెలంగాణ పల్లెలలో వానాకాలంలో మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. దండానికి నైలాను తాడు వాడాలి. దానిని కరెంటు స్తంభానికి గాని, రేకుల షెడ్డు ఇనుప గొట్టాలకు గాని కట్టరాదు.

హీటరు గల యంత్రానికి 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల వద్ద విద్యుత్తును ఆపివేసే ఆర్.సి.సి.బి. అవసరం. సాకెట్టును నల్లాకు దూరంగా, నీళ్లు చిందని ఎత్తులో పెట్టాలి.

అమరిక, సర్దుబాటు

ముందు తలుపు యంత్రం సుమారు 60 సెం.మీ. వెడల్పు, 85 సెం.మీ. ఎత్తు ఉంటుంది. తలుపు తెరవడానికి, మనిషి వంగడానికి దాని ముందు మూడడుగుల చోటు విడవాలి. పైమూత యంత్రం తక్కువ ధరకు వస్తుంది కానీ నీరు ఎక్కువ తాగుతుంది, పైన అల్మారా పెట్టడానికి వీలుండదు. యంత్రం వచ్చినా ఒక ఉతుకుడు బండ ఉంచుకోవడం మంచిది. పొలం పనుల బట్టల మట్టి ముందుగా బండ మీదే వదలాలి.

సబ్బుపొడి, బ్లీచింగు, నీలిమందు పిల్లలకు అందని గూటిలో ఉండాలి. వీటిని శీతల పానీయాల సీసాలలో పోసి ఉంచడం ప్రమాదకరం. మాసినవాటికి గాలి ఆడే వెదురు బుట్ట చాలు. పట్టుబట్టలకు కుంకుడుకాయలు పొడి డబ్బాలో నిలువ చేసుకోవచ్చు.

గోడలకు నాలుగడుగుల వరకు టైల్స్, ఆపైన లేత రంగు సున్నం వేస్తే వెలుతురు పెరుగుతుంది, చెమ్మ మరకలు వెంటనే కనబడతాయి. ఎదురెదురు కిటికీలు ఉంటే ముసురు రోజుల్లో లోపల వేసిన బట్టలు ముక్కవాసన పట్టకుండా ఆరతాయి.