జ్వాలాపురపు బూడిద

బనగానపల్లె యనగానే మనకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. ఆ యూరికి చేరువనే, జుర్రేరు లోయలో, జ్వాలాపురమను పల్లె కలదు. నిన్నమొన్నటి వరకు కర్నూలు జిల్లా. 2022 నుండి నంద్యాల జిల్లా. అచ్చటి నేలలో తెల్లని, మెత్తని బూడిద పొర యున్నది. కొన్ని తావుల దాని మందము రెండున్నర మీటర్లు. గిన్నెలు తోము పొడులకై జనులు దానిని త్రవ్వి అమ్ముకొనిరి. ఊరిపేరున జ్వాల యున్నను, ఆ బూడిద మన కొండలది కాదు.

సూక్ష్మదర్శినిలో చూచినచో అది గాజునలుసుల రాశి. కరిగిన శిలలో పొంగిన బుడగలు పగులగా మిగిలిన పెంకులవి. అందుచేతనే అంచులు వంపు తిరిగి యుండును. ప్రతి అగ్నిపర్వతపు గాజునకును తనదైన పాకము కలదు. నలుసుపై ఎలక్ట్రానుల ధారను ప్రసరింపజేసి, వెలువడు ఎక్స్-కిరణములను బట్టి సిలికా, పొటాషియము, ఇనుము, కాల్షియముల పాళ్లను లెక్కింతురు. ఈ పాళ్లు సుమారు 2,600 కిలోమీటర్ల దూరమున, సుమత్రా ద్వీపమందున్న తోబాతో సరిపోయినవి. అయితే తోబా ప్రేలినది ఒక్కసారి కాదు. లక్షల ఏండ్ల పూర్వము గూడ ప్రేలినది, ఆ గాజులన్నియు దగ్గర చుట్టములే. నల్ల అభ్రకపు రేకుల కూర్పును, పొరల వయస్సును గూడ పరిశీలించి, ఇది సుమారు 74,000 ఏండ్ల నాటి కడపటి మహావిస్ఫోటనపు బూడిదయని నిర్ణయించిరి. ఆనాటి గుంతయే నేడు 100 కిలోమీటర్ల పొడవైన తోబా సరస్సు.

గ్రీన్‌లాండు మంచులో గూడ ఆ కాలపు గంధకామ్లపు జాడలు దొరకగా, అవి తోబావేయని కొందరు తలచిరి. కాని ఆమ్లము తన కొండపేరు తేటగా చెప్పదు, గాజు చెప్పును. ఈ విషయమున ధ్రువప్రాంతపు మంచుకంటె మన పల్లె మట్టియే గట్టి సాక్షియని మా యభిప్రాయము.

సాక్ష్యము దేనికందురా? ఆ ప్రళయమున మానవజాతి అంతరించుటకు చేరువయ్యెనని 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ వాదించెను. 2007లో మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కొరిశెట్టర్ మొదలగువారు, జ్వాలాపురమున బూడిద క్రిందను పైనను రాతి పనిముట్లు దొరికినవనియు, అవి యొకే తీరున నున్నవనియు ప్రకటించిరి. అట్లయినచో ఇచ్చటివారు బ్రతికిరన్నమాట!

ఎల్లరును ఒప్పుకొనలేదు. ఆకాశము నుండి నేరుగా రాలినది అడుగున కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. తక్కినది వానలకు చుట్టుపట్ల నుండి కొట్టుకొని వచ్చి చేరినది. కనుక క్రింది పనిముట్లకును పైవానికిని నడుమ ఎన్ని తరములు గడచెనో తేలవలసియున్నది. ఆ రాళ్లను చెక్కినవారు మనవంటివారని పెట్రాగ్లియా బృందము తలచెను. వారి యెముక యొక్కటియైనను ఆ పొరలలో దొరకలేదు. సంచుల కెత్తిన బూడిదతో పాటు పొరల వరుసయు కొంత పోయినది.