వేరుబుడిపెలు - నేలమందులు

తోటలో వంగమొక్క మధ్యాహ్నము వాడి, సాయంకాలమునకు తేరుకొనుచుండును. నీరు చాలలేదేమోయని తోటమాలి మరల మరల తడి పెట్టును. మొక్క మాత్రము ఎదుగదు. తుదకు పీకి చూచినచో వేళ్ళనిండ బుడిపెలు కనబడును. వీటిలో దాగియుండునది నులిపురుగు. నేలలో తిరుగాడు దీని పిల్ల పొడవు అర మిల్లీమీటరునకు లోపే. అందువలన ఈ శత్రువును గుర్తించుటకే చాలకాలము పట్టినది.

1855లో ఇంగ్లండున బర్క్లీ అను పండితుడు గాజుటింట పెంచిన దోసతీగల వేళ్ళపై ఈ బుడిపెలను వర్ణించెను. దక్షిణ భారతమున నీలగిరి ప్రాంతములోని దేవాల తేయాకు తోటలో ఇవి యున్నట్లు 1901లో బార్బర్ తెలిపెను.

శత్రువు తెలిసిన పిదప ఆయుధము కావలెను. జర్మనీలో చక్కెరదుంప పంటను మరియొక జాతి నులిపురుగు పాడుచేయుచుండగా, జూలియస్ కూన్ 1871లో కార్బన్ డైసల్ఫైడును నేలలో ప్రయోగించి చూచెను. తరువాత ఎరపంటను గూడ పరీక్షించెను. పురుగు కిష్టమైన మొక్కలను నాటి, అది వేళ్ళలో చేరి సంతానమును వృద్ధిచేయకమునుపే వాటిని పెరికివేయుట ఇందలి కిటుకు.

1943లో హవాయి అనాస తోటలలో వాల్టర్ కార్టర్ 'డి-డి' అను మిశ్రమమును నేలలోని కెక్కించి సత్ఫలితములు పొందెను. దానితో నేలమందుల యుగ మారంభమైనది. 1950 దశకమున డి.బి.సి.పి. వచ్చినది. బ్రతికియున్న చెట్ల చెంతనే వాడదగినది గనుక దానికి గిరాకి పెరిగెను. అది ఎలుకల వృషణములను క్షీణింపజేయునని 1961లోనే ప్రకటింపబడినను, వాడకము ఆగలేదు. 1977లో కాలిఫోర్నియాలోని ఒక కర్మాగారమున ఆ మందు తయారుచేయు పనివారు, తమలో పలువురకు పిల్లలు కలుగుట లేదని మాటల సందర్భమున గ్రహించిరి. వైద్య పరీక్షలలో వారి యనుమానము నిజమని తేలెను. 1979లో, హవాయి అనాసకు తప్ప, అమెరికాలో దాని వాడకము నిలిపివేయబడెను.

ఇంతలో మరియొక దారియు తెరచుకొనియుండెను. బంతి వేళ్ళలో నులిపురుగులను చంపు పదార్థము గలదని 1958లో హాలెండు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బంతి అన్ని జాతుల పురుగులపై పనిచేయదు; అక్కడొకటి ఇక్కడొకటి నాటిన చాలదు, మడినిండ ఒత్తుగా పెంచవలెను. పంట మార్పిడి, వేసవి దుక్కి, వేపపిండి దానికి తోడు కావలెను. వీటి ఫలితము నెమ్మదిగా కనబడును. కాని నేలలో వేసిన మందు నేలలోనే నిలిచిపోదనుటకు ఆ పనివారి అనుభవమే సాక్ష్యము.