వకాలిగ చలనచిత్రము

ఆఫ్రికాఖండమందలి ఉగాండా దేశమునకు రాజధానియగు కంపాలా నగరమున వకాలిగ యను పేదవాడ కలదు. మట్టిదారులు, రేకుల కప్పులు, వాన వచ్చినచో పొంగు మురుగుకాలువలు, ఇది యా వాడ రూపము. అచ్చట 2010వ సంవత్సరమున ఒక సినిమా పుట్టినది. దాని యాంగ్లనామము ‘హూ కిల్డ్ కెప్టెన్ అలెక్స్?’, కెప్టెన్ అలెక్సును చంపిన వారెవరు అని యర్థము. దానికైన వ్యయము 200 అమెరికా డాలర్లకు లోపలనే యని ప్రసిద్ధి. పోరాటమును హాస్యమును కలగలిసిన యీ చిత్రమును లోకమున లక్షలకొలది జనులు చూచి నవ్విరి. ఆ నవ్వు ఎట్టిది? పేదవాని చేతగానితనమును చూచి కలవాడు నవ్వెడి నవ్వా, లేక వేరొకటియా? ఈ ప్రశ్నకు సమాధానము ఆ చిత్రము పుట్టిన విధముననే కలదని మా యభిప్రాయము.

చిత్రకర్త పేరు ఐజాక్ నబ్వానా. ఇతడు 1973వ సంవత్సరమున జన్మించెను. ఉగాండాలో నప్పుడు ఇదీ అమీను నిరంకుశపాలన సాగుచుండెను. అంతకు ముందటి యేడే భారతీయసంతతివారు వేలకొలదిగా నా దేశమునుండి వెడలగొట్టబడిరి. 1979లో అమీను పదభ్రష్టుడైన పిమ్మటనైనను శాంతి నిలువలేదు. 1981 మొదలు 1986 వరకు అంతర్యుద్ధము జరిగెను. కావున నబ్వానా తరమువారికి తుపాకిమ్రోత కథలలో వినిన వింత గాదు. ఇతడు ఇటుకలు చేసి యమ్మి, కూడబెట్టిన ధనముతో కెమెరా కొనెను. కంప్యూటర్ల మరమ్మతు నేర్వవలెనని ఆరునెలల తరగతిలో చేరి, మొదటి నెలకు మించి రుసుము చెల్లింపలేక మానుకొనెను. తక్కిన విద్యకు తనకు తానే గురువు. 2005వ సంవత్సరమున, తన యవ్వల పేళ్లను కలిపి, ‘రామన్ ఫిల్మ్ ప్రొడక్షన్స్’ అను చిత్రసంస్థను స్థాపించెను.

ఆ సంస్థ పని నడచిన తీరు తెలిసికొనదగినది. నటులకు జీతములు లేవు. వాడలోనివారును, సినిమా మీది మక్కువతో పొరుగూళ్లనుండి వచ్చినవారును వేషములు ధరించిరి. తుపాకులు కొయ్యతోను, పాత యినుప సామానుతోను చేయబడినవి. కెమెరాను పైకెత్తు యంత్రము సైతము పనికిమాలిన యినుపముక్కలనుండియే తయారైనది. కంప్యూటర్లు పాతభాగములను ఏరి కూర్చినవి. నెత్తురు చూపుటకు తొలుత ఆవునెత్తురునే వాడిరి. దానివలన ఒక నటునికి రోగము సోకగా, వంటలలో వాడు రంగునకు మారిరి. హెలికాప్టరు వచ్చి నగరముపై బాంబులు వేయు దృశ్యములను కంప్యూటరు మీద చిత్రించి యతికించిరి. చిత్రము పూర్తియైన పిదప డీవీడీలను సంచులలో వేసికొని నటులే యింటింటికి తిరిగి యమ్మి, వచ్చిన దానిలో పాలు తీసికొనుచుండిరి. దొంగప్రతులు బయలుదేరుటకు ముందుగా, సుమారు ఒక వారములో, అమ్మకము ముగియవలసి యుండెను.

కథ స్వల్పము. ‘టైగర్ మాఫియా’ యను దొంగల ముఠాను అణచుటకై సైనికుడగు కెప్టెన్ అలెక్సు నియమింపబడును. అతని సైనికులు ముఠానాయకుని సోదరుని పట్టుకొందురు. నాయకుడు పగబూనును. అంతలో కెప్టెను చచ్చి పడియుండును! చంపినదెవరో తెలియదు. కుంగ్‌ఫూ విద్యలో ఆరితేరిన యతని సోదరుడు ‘బ్రూస్ యూ’ ప్రతీకారమునకై వచ్చును. కొట్లాటలు, ప్రేలుళ్లు జరుగును, నగరము తగులబడును, తుదకు సైనికశాసనము ప్రకటింపబడును. చిత్రము పేరిట నిలిచిన ప్రశ్నకు మాత్రము చిత్రమున సమాధానమే లేదు. ప్రేక్షకుడు ఈ సంగతిని గ్రహించునప్పటికి కథ ముగిసియుండును. అదియును ఒక హాస్యమే.

అయినను ఈ చిత్రమునకు ప్రాణమైనవాడు తెరమీద కనబడనే కనబడడు. ఉగాండాలో ‘బిబాండా’ యనబడు చిన్న వీడియోశాలలు కలవు. అచ్చట విదేశచిత్రములు ఆడునపుడు ఒకడు మైకు పట్టుకొని సంభాషణలను లుగాండా భాషలోనికి మార్చి చెప్పుచు, నడుమ నడుమ తన చమత్కారములను జోడించుచుండును. వానిని ‘వీడియో జోకర్’ అందురు. మూకీచిత్రముల కాలమున మన దేశమునను తెరప్రక్క నిలిచి కథ చెప్పువారుండిరి. బుర్రకథలో హాస్యపు వంత ప్రధాన కథకునికి అడ్డుతగిలి సభను నవ్వించుటయు మన మెరిగినదే. కెప్టెన్ అలెక్సు చిత్రమునకు వీజే ఎమ్మీ యను నతడు ఈ పని చేసెను. వీరుని పొగడును, దొంగను వెక్కిరించును, రాబోవు కొట్లాటను ముందే చాటును, తమ చిత్రమును తానే ఆకాశమున కెత్తును. కంప్యూటరులో చోటు చాలక నబ్వానా మూలప్రతిని తుడిచివేసి తరువాతి చిత్రమునకు తావు చేసికొనవలసి వచ్చెను. అందుచేత ఎమ్మీ మాటలతో కూడిన ప్రతియే నేడు నిలిచియున్నది. ఆ నవ్వు లేని చిత్రము ఇప్పుడు లోకమున లేదు.

ఇక హాస్యస్వరూపమును విచారింతము. శృంగారమును అనుకరించుటవలన హాస్యము పుట్టునని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పెను. అభినవగుప్తుడు దీనిని విస్తరించి, ఏ రసముయొక్క ఆభాసమైనను హాస్యమునకు దారితీయగలదనెను. సీతయందలి రావణుని వలపును ఆభాసమునకు ఉదాహరణముగా జూపెను. ఈ లెక్కను కెప్టెన్ అలెక్సు కథ వీరాభాసము. కొయ్యతుపాకి ప్రేలును, రంగునీరు చిమ్మును, మనము నవ్వుదుము. అయితే ఇచ్చట ఒక భేదము కలదు. తన వలపు తగనిదని రావణుడెరుగడు. ఎరుగకుండుటయే యచ్చట నవ్వునకు మూలము. వకాలిగవారన్ననో తమ తుపాకి కొయ్యదని ఎరుగుదురు. చూచువారును ఎరుగుదురని ఎరుగుదురు. ఎరిగియు, ప్రాణములొడ్డినట్లు పోరాడుదురు. వెక్కిరింపదలచిన వాడు నోరు తెరచులోపలనే ఎమ్మీ తమ చిత్రమును చూచి తానే నవ్వియుండును. వెక్కిరించువానికి మిగులునదేమున్నది? వానితోగూడ నవ్వుట యొక్కటే.

పిల్లలకు ఇట్టి హింసాచిత్రములు తగునా యని కొందరు గృహస్థులు శంకింపవచ్చును. శంక సహేతుకమే. ప్రేలుళ్లకును నెత్తుటికిని అలవాటుపడిన మనస్సు మొద్దుబారుననుటను మేము కాదనము. కాని కోట్ల ధనముతో తీసిన చిత్రములలో చావును నిజమని నమ్మించుటకై ప్రయత్నమంతయు జరుగుచుండును. వకాలిగలో చావు అబద్ధమని దాచుటకు ఎవరును ప్రయత్నింపరు. తుపాకిని చెక్కుటయు, రంగు కలుపుటయు, చచ్చినవాడు లేచి దుమ్ము దులుపుకొనుటయు ఆ వాడపిల్లల కన్నులయెదుటనే జరుగును. నిజమైన తుపాకులు మ్రోగిన దేశమున కొయ్యతుపాకిని చూచి పిల్లలు నవ్వగలుగుట అల్పవిషయము గాదు.

చిత్రముయొక్క ప్రచారఖండము 2010 జనవరిలో యూట్యూబునకు ఎక్కెను. దానిని చూచిన న్యూయార్కు వాసి ఆలన్ హాఫ్మానిస్ 2011లో ఉగాండాకు పోయి, నబ్వానాతో స్నేహముచేసి, పిమ్మట అచ్చటనే కాపురముండి చిత్రములలో పాలుపంచుకొనెను. 2015లో మరియొక చిత్రమునకై వకాలిగవారు లోకులను 160 డాలర్లు చందా యడుగగా 13,000 డాలర్లకు పైగా వచ్చెను. మొదట కేవలము వింతకై చూచినవారును పలువురుందురు. కాని తృణీకారముతో నవ్విన వాడు చందా పంపడు.

2016లో వెలువడిన వారి ‘బ్యాడ్ బ్లాక్’ చిత్రము అమెరికాలోని ఫెంటాస్టిక్ ఫెస్ట్ అను చిత్రోత్సవమున ప్రేక్షకుల బహుమతి నందెను. అందు హాఫ్మానిస్ అమెరికా వైద్యుని వేషము ధరించెను. పేదలకు మేలుచేయ వచ్చిన యా వైద్యుని సొత్తును వాడలో దొంగిలింతురు. దానిని తిరిగి రాబట్టుకొనుటకు అతనికి శక్తి చాలదు. అప్పుడొక వాడపిల్లవాడు గురుస్థానమున నిలిచి యతనికి యుద్ధవిద్య నేర్పును. ఆ శిక్షలో వైద్యుడు పడు పాట్లకు నవ్వాగదు. ఉపకారి శిష్యుడగుటయు, ఉపకారము పొందవలసినవాడు గురువగుటయు ఈ చిత్రమందలి హాస్యము.

సంస్కరణాభిలాషులమగు మనము పేదవానిని గూర్చి తలచునపుడు వాని యాకలిని, రోగమును, నిరక్షరతను లెక్కింతుము. ఆ లెక్క అవసరమే. దానిలో వాని పరిహాసమునకును, నేర్పునకును, మనలను చూచి వాడు నవ్వగల శక్తికిని చోటుండుట అరుదు. ఈ లోపముచేతనే మన దయ అప్పుడప్పుడు ఎదుటివానికి బరువగుచున్నది. కావున పేదవాడలకు చదువు చెప్పబోవువారును, మందులు పంచబోవువారును బయలుదేరుటకు ముందు ఒక సాయంకాలము ఈ చిత్రమును చూచి, మనసార నవ్వి, పిమ్మట పోవుట మంచిదని మా మనవి.