చతురంగం నుండి షత్రంజ్ దాకా

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి పోయే బస్సులో పదిమంది మాటలు వింటే చాలు, చదరంగం వినబడుతుంది. ఎన్నికల ముచ్చట పెట్టేవారు "ఆయన పావులు కదుపుతున్నాడు", "ఎత్తుకు పైఎత్తు వేశాడు", "ఆట కట్టించాడు" అంటారు. పక్క సీట్లో ఉర్దూ మాట్లాడేవారు ఓడినవాణ్ణి "మాత్ ఖా గయా" అనీ, వెనుక నుండి ఎగదోసేవాణ్ణి "షహ్ దేతా హై" అనీ, విసిగిపోయినవాణ్ణి "జిచ్ హో గయా" అనీ అంటారు. ఈ మాటలన్నీ ఒకే ఆటలో వాడే మాటలని మనకు తట్టదు.

ఈ ఆట పుట్టిల్లు మన దేశమే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సేన పేరే చతురంగం. క్రీ.శ. 6వ శతాబ్ది నాటికి అది ఇరాన్ చేరి "చత్రంగ్" అయింది. హింద్ రాజు పంపిన ఈ ఆట కిటుకును నౌషేర్వాన్ బాదుషా వజీరు బుజుర్గ్‌మెహర్ విప్పాడని ఫిర్దౌసీ షాహ్‌నామాలో కథ ఉంది. 7వ శతాబ్దిలో అరబ్బులు ఇరానును గెలిచాక, అరబ్బీలో "చ", "గ" లేనందువల్ల "షత్రంజ్" అయింది. అబ్బాసీల కాలంలో అల్ అద్లీ, అస్ సూలీ వంటి ఉస్తాదులు దీనిపై కితాబులే రాశారు. అక్కడి నుండి ఐరోపా పోయింది. ఇంగ్లీషువారి "చెక్‌మేట్" మన "షాహ్ మాత్", వారి "రూక్" మన "రుఖ్". మన వజీరు మాత్రం అక్కడ రాణి అయ్యాడు!

తర్వాత ఫార్సీ పేర్లతో ఆ ఆట మళ్ళీ పుట్టింటికి వచ్చింది. నిజాం రాజ్యంలో 1948 దాకా కచేరీ భాష ఉర్దూ, ఊరి భాష తెలుగు. అందుకే ఇక్కడ మంత్రీ, వజీరూ ఒకే గడిలో నిలబడ్డారు. బంటే ప్యాదా, గుర్రమే ఘోడా. తెలుగువారి శకటు ఒక్కటి ఉర్దూలో ఊంట్ అయింది.

ఇది మేము ఎందుకు రాస్తున్నామంటే, ఉర్దూ మీడియం పిల్లలు కొందరు తెలుగును పరాయి భాష అనుకొని జంకుతారు. ఉర్దూ బయటి నుండి వచ్చిందనేవారూ ఉన్నారు. ఇద్దరికీ షత్రంజే జవాబు. అది చతురంగమే కదా!

ఆటలో మునిగి నమాజు, పని మరిస్తే నష్టమే. పందెం కడితే జూదమే. 1856లో అవధ్ చేజారుతుంటే ఆట విడవని ఇద్దరు జాగీర్దార్ల కథ ప్రేంచంద్ ఊరికే రాయలేదు. కానీ హద్దులో ఉంటే ఇది బుద్ధికి కసరత్తు. పంజాబులో ఒక జమీందారు నౌకరు మీర్ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. భోపాల్ వడ్రంగి మొహమ్మద్ రఫీఖ్ ఖాన్ 1980లో మాల్టా ఒలింపియాడ్‌లో వెండి పతకం తెచ్చాడు. ప్యాదా ఒక్కొక్క ఖానా దాటుతూ చివరి వరుస చేరితే వజీరు అవుతుంది.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి: ఇంట్లో ఒక చదరంగం బల్ల ఉంచండి. ప్రతి పావు పేరూ పిల్లలతో రెండు భాషల్లో చెప్పించండి.