భువనగిరి బండ నుండి ఎవరెస్టు వరకు: విద్యార్థులకు ప్రమాదమును బోధించిన ఒక తెలుగు ప్రయత్నము

భివండీ పట్టణమునందు సాంచాలపై బ్రతుకుచున్న తెలుగు కుటుంబములలో అనేకము కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల నుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవే. వారిలో భువనగిరి బండను ఎరుగనివారు అరుదు. హైదరాబాదు నుండి వరంగల్లు పోవు రైలుమార్గమున, పండుకొనిన ఏనుగువలె కానవచ్చు ఏకశిల యది. పడమటి చాళుక్య ప్రభువగు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరిట త్రిభువనగిరి యనబడి, కాలక్రమమున భువనగిరి యయ్యెనని చరిత్రకారుల యభిప్రాయము. శత్రువు ఎక్కలేకుండుటకై ఎన్నుకొనబడిన ఆ బండయే ఇరువదియొకటవ శతాబ్దమున పేదపిల్లలకు ఎక్కుట నేర్పిన బడి యయ్యెను. ఆ చరిత్రలో శిఖరము చేరుటకంటె, ప్రమాదమును పాఠముగా చెప్పిన విధానమే ఎక్కువ విచారింపదగినది.

అంతకుముందు తెలుగు విద్యార్థులకు ఈ పాఠము మరణరూపమున వచ్చెను. 1962లో విజయనగర ప్రభువుల ప్రాసాదమున ప్రారంభమైన కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన లెఫ్టినెంటు ఎం. ఉదయభాస్కరరావు, 1985లో భారత సైన్యము ఎవరెస్టుపైకి పంపిన దళమునందు సభ్యుడు. ఆ అక్టోబరులో మేజరు కిరణ్ ఇందర్ కుమార్ జారిపడి మరణించెను. కొలదిదినములకే సౌత్ కోల్ అను కనుమవద్ద, సుమారు 7,900 మీటర్ల ఎత్తున, మేజరు జయ్ బహుగుణ, మేజరు రంజిత్ సింగ్ బక్షీ, కెప్టెన్ విజయపాల్ సింగ్ నేగీలతోపాటు ఉదయభాస్కరరావు గాలివానలో చిక్కి అసువులు బాసెను. బహుగుణ సోదరుడు హర్షవర్ధనుడు 1971లో ఆ కొండమీదనే మరణించి యుండెను. సుశిక్షితులైన సైనికులకే ఇట్టి గతి పట్టినదన్న, ఆ యెత్తున ధైర్యమొక్కటే చాలదనుట స్పష్టము.

సముద్రమట్టమునందలి వాయుపీడనములో మూడవవంతు మాత్రమే ఎవరెస్టు శిఖరమున నుండును. ఊపిరి నిండినను ప్రాణవాయువు నిండదు. మొదట తలనొప్పి, వికారము, నిద్రలేమి కలుగును. వానిని లెక్కచేయక పైకి పోయినచో ఊపిరితిత్తులలోనో, మెదడునందో నీరు చేరును. మెదడు చెడినవానికి తన మెదడు చెడినదని తెలియకపోవుటయే ఇందలి ఘోరము. తాను బాగుగనే యున్నానని వాదించుచునే మృత్యుముఖమునకు నడచును. కనుకనే పగలు ఎత్తునకు పోయి రాత్రికి క్రిందికి దిగి పరుండుట, తోడివాని మాటతీరును నడకను కనిపెట్టుచుండుట, లక్షణములు ముదిరినంతనే దిగివచ్చుట యనునవి ఆరోహకులకు ఓనమాలు. మందులన్నిటిలో దిగుటయే పెద్ద మందు.

కోరుకొండ పాఠశాలలో చదివిన మరియొక బాలుడు, నెల్లూరు జిల్లా గాంధీజనసంగమునకు చెందిన మల్లి మస్తాన్‌బాబు, ఉదయభాస్కరరావు స్మృతివలననే కొండలవైపు ఆకర్షితుడయ్యెను. 2006లో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను 172 దినములలో అధిరోహించి ప్రపంచ ప్రసిద్ధి గాంచెను. అయినను ఇది ఒక వీరుని జూచి మరియొక వీరుడు పుట్టిన కథయే గాని, తరగతిలో కూర్చున్న సామాన్య విద్యార్థికి అందిన విద్య కాదు.

ఆ విద్యకు 2013లో భువనగిరియందు రూపము వచ్చెను. సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థకు నాడు కార్యదర్శిగా నుండిన పోలీసు అధికారి ఆర్. ఎస్. ప్రవీణ్‌కుమార్ సంకల్పించగా, 2007లో ఎవరెస్టు నెక్కిన శేఖర్‌బాబు బాచినేపల్లి శిక్షకుడయ్యెను. నూరుమందికి పైగా విద్యార్థులు ముందుగా బండపై పరీక్షింపబడిరి. వారిలోనుండి కొందరు 1954లో స్థాపితమైన డార్జిలింగు హిమాలయ పర్వతారోహణ సంస్థకు, వారిలోనుండి మరికొందరు లడఖు చలికి పంపబడిరి. తుదకు మిగిలినవారు ఇరువురు: నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్. ఎండబండపై త్రాడు ముడిని సరిచూచుకొనుట నేర్చిన తరువాతనే మంచు, మంచు నెరిగిన తరువాతనే ఎత్తు. ఈ క్రమమే ఆ ప్రయత్నమునకు ప్రాణము.

ఆక్షేపణలు లేకపోలేదు. పదునారేండ్లు నిండనివారికి నేపాళము అనుమతి నీయదు గనుక వీరు టిబెట్టు వైపునుండి పోవలసివచ్చెను. ఆ 2014 ఏప్రిల్ 18వ తేదీననే నేపాళపు వైపున ఖుంబూ హిమపాతమునందు మంచుచరియలు విరిగిపడి పదునార్గురు నేపాళీ శ్రామికులు మరణించిరి. పరుల బిడ్డలను, అందులోను ఎదురు చెప్పజాలని పేదల బిడ్డలను, అట్టి తావునకు పంపుట న్యాయమా యను ప్రశ్న తేలికయైనది కాదు. మే 25 ఉదయమున ఇరువురును శిఖరము చేరిరి. పూర్ణకు నాటికి పదుమూడేండ్ల పదునొకండు మాసములు. విజయము ఆ ప్రశ్నను మరుగుపరచినదే కాని, దానికి సమాధానము చెప్పలేదు. శిక్షణలోని క్రమమును జూచినపుడు మాత్రము సగము సమాధానము దొరకును. మిగిలిన సగము ఇప్పటికిని చర్చనీయమే.

శిక్షణ యెంత యున్నను కొండ మాట ఈయదు. అంతటి యనుభవజ్ఞుడైన మస్తాన్‌బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలోని త్రేస్ క్రూసెస్ సుర్ శిఖరమున ఒంటరిగా పోయి కానరాకుండెను. ఏప్రిల్ 3న ఆతని దేహము దొరకెను. పూర్ణ మాత్రము ఒక్కొక్క ఖండమే ముగించుకొనుచు 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలితో ఏడు శిఖరములను పూర్తిచేసెను.

భివండీ పాఠకులకు ఇదియంతయు దూరపు ముచ్చటగా తోపవచ్చును. కాని సాంచాల నడుమ పెరిగిన బిడ్డకు ప్రమాదము క్రొత్తది కాదు. ఎగిరివచ్చు నాడె, చెవులను మొద్దుబార్చు మ్రోత, ఊపిరిలో చేరు దూది నలుసు – ఇవి ఇంటివే. అయితే భువనగిరి బండమీద పిల్లలకు వరుసగా చెప్పబడిన ప్రమాదపాఠము కార్ఖానాలో ఎవరును చెప్పరు. దెబ్బ తగిలిన తరువాత తెలియును. తండ్రి చెవుడు ముదిరినంతవరకు మ్రోతయు ఒక హాని యని ఇంటిలో తలంపునకే రాదు.

కొండ కావలెనన్నను దూరము పోనక్కరలేదు. ఈ ఠాణా జిల్లాలోనే, ఆసన్‌గావ్ స్టేషనుకు చేరువను, సహ్యాద్రి శాఖపై మాహులి దుర్గము గలదు. 1636లో మొగలుసేనల ముట్టడిచే శహాజీ భోంస్లే సంధికి ఒడబడినది అచ్చటనే. వానకాలమున అందలి రాళ్లు నాచుపట్టి యుండును. ఎక్కునపుడు నిలిచిన పాదము దిగునపుడు జారును.