రెండు మందులు, ఒక వ్యాధి



ఇటీవల మా గ్రామమున రచ్చబండకడ ఒక వృద్ధులు నన్నిట్లు ప్రశ్నించిరి: "ఒక మందు కొంత గుణమిచ్చినచో, రెండు కలిపిన రెట్టింపు గుణమీయవలదా? వైద్యులేల సంకోచింతురు?" వారి తమ్ముడు కాలేయమునకు పట్టిన రాచపుండుతో, అనగా క్యాన్సరుతో, మంచము పట్టియున్నాడు. కావున అది ఊరక యడిగిన ప్రశ్న కాదు. దానికి సమాధానము చరిత్రయందున్నది. దానినే నేడు మనవి చేసెదను.

కాలేయము మిక్కిలి ఓర్పుగల యవయవము. చాలభాగము చెడువరకు బాధ తెలియనీయదు. అందుచే పెక్కుమందికి వ్యాధి ముదిరిన పిదపనే బయటపడును. అప్పుడు కోసి తీసివేయుటకు వీలుండదు.

1971లో అమెరికా దేశపు శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ ఒక సిద్ధాంతమును ప్రకటించెను. క్యాన్సరు గడ్డ తనకై క్రొత్త రక్తనాళములను రప్పించుకొని పెరుగుననియు, వానిని అడ్డగించినచో గడ్డ పెరుగజాలదనియు ఆయన వాదము. చేనికి నీరు రాకుండ కాలువకు గండి పూడ్చుట వంటిదే యిది. ఈ మార్గమున పనిచేయు సొరాఫెనిబ్ అను మాత్రకు 2007లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి లభించెను. 602 మందిపై జరిగిన పరీక్షలో, మందులేని మాత్ర పుచ్చుకొన్నవారిలో సగముమంది 7.9 నెలలు జీవించియుండగా, సొరాఫెనిబ్ పుచ్చుకొన్నవారిలో సగముమంది 10.7 నెలలు జీవించిరి. లాభము మూడు నెలలకు లోపే. కాని ముదిరిన యీ వ్యాధిలో అంతకుముందు ఏ మందును ఆ మాత్రమైనను నిరూపింపలేదు.

అంతట మన వృద్ధుల ప్రశ్నయే వైద్యులకును తోచెను. ఆ యాశకు ఆధారము లేకపోలేదు. భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున వెలువడిన మెథోట్రెక్సేటును మరి మూడు మందులతో కూర్చి, 1960 తరువాతి దశకమున పిల్లల రక్తక్యాన్సరుపై వైద్యులు గొప్ప మేలు సాధించియుండిరి. కావున సొరాఫెనిబునకు ఎర్లోటినిబ్ అను మరియొక మాత్రను జతచేసి 720 మందిపై పరీక్షించిరి. 2015లో ప్రకటితమైన ఫలితము నిరాశాకరము. జంట మందులకు 9.5 నెలలు, ఒంటి మందునకు 8.5 నెలలు. ఈ భేదము యాదృచ్ఛికము కావచ్చునని లెక్కలు తేల్చెను. కలిపి పుచ్చుకొన్నవారు చికిత్సను తాళలేక త్వరగా మానిరి.

వైద్యులు పట్టు విడువలేదు. 2020లో వేరొక జంట వచ్చెను. బెవాసిజుమాబ్ రక్తనాళముల పెరుగుదలను అడ్డగించును. అటెజొలిజుమాబ్, క్యాన్సరు కణములు మన రక్షక కణములకు వేసిన కళ్లెమును విప్పును. ఒకటి శత్రువునకు గ్రాసము నాపగా, మరియొకటి మన సైన్యమును మేల్కొల్పును. 501 మందిపై జరిగిన పరీక్షలో, ఏడాదికి జీవించియున్నవారు ఈ జంటతో నూటికి 67.2, సొరాఫెనిబుతో నూటికి 54.6. అయినను ఇందును జాగ్రత్త కలదు. కాలేయవ్యాధిగ్రస్తుల అన్నవాహికలో రక్తనాళములుబ్బి యుండవచ్చును. ఈ మందుచే అవి స్రవించు ప్రమాదము కలదు గనుక ముందుగా పరీక్షింపవలెను.

ఆ వృద్ధులకు నేనిచ్చిన సమాధానమిది: "అయ్యా! రెండు మందులు చేరినంతనే బలము రాదు. రెండును వేర్వేరు పనులు చేయవలెను; రోగి శరీరము రెండింటిని భరింపవలెను. వైద్యుల సంకోచము నిర్లక్ష్యము కాదు, అనుభవము నేర్పిన పాఠము. ఇవి కాలమునిచ్చును, వ్యాధిని నిర్మూలించునని ఎవ్వరును మాట యీయజాలరు." వారు కొంతసేపు మౌనముగానుండి, "కాలమిచ్చినను చాలును నాయనా" అనిరి.

మహాశయులారా! కామెర్ల జాతిదగు హెపటైటిస్ బి యనునది ఈ వ్యాధికి ముఖ్యకారణములలో నొకటి. దానికి టీకా కలదు. మీ మనుమలకు పుట్టినవెంటనే దానిని వేయింపుడు. మద్యమును దూరముంచుడు. అది యే జంట మందుకంటెను మేలైన రక్ష. సెలవు.