వేసవి పెరడు - అనంతపురపు బావులు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు ఏనాడో చెప్పినారు. ఆ మాటకు నిదర్శనము కావలసినవారు మే నెల చివరి దినములలో అనంతపురపు మెట్టసీమలోని ఏదేని ఒక పల్లెకు పోయి, ఇండ్ల వెనుక పెరళ్ళను చూచిన చాలును. సంక్రాంతినాడు సొరతీగ దట్టముగా అల్లుకొన్న పందిరి, ఉగాది దాటిన కొలది దినములకే వట్టి గుంజలుగా నిలిచి యుండును. వంగమొక్క ఆకు ముడుచుకొని ఉండును. బెండ మడిలో నేల నెఱ్ఱెలు విచ్చి ఉండును. చూచినవారందరును ఇది ఎండ చేసిన పని అనుకొందురు.

ఎండ ఒక్కటే దీనికి కారణమైనచో, పల్నాటిలోని రెంటచింతలలో పెరడు అనునదే ఉండరాదు. అనంతపురమున ఏప్రిలు, మే నెలలలో పగటి వేడిమి 40 డిగ్రీలకు అటు ఇటుగా ఉండును. రెంటచింతల ఎండ దీనిని మించుట వేసవి వార్తలలో తరచు వినుచునే ఉన్నాము. కృష్ణా, గోదావరి కాలువల క్రింది పల్లెలలోను వేసవి సుకుమారమైనది కాదు. అయినను అక్కడ దొడ్డిలో ఆనపపాదు మే నెలలో కాయ దింపును. కనుక రెండుచోట్ల గల భేదమును ఆకాశమున గాక నేలక్రింద వెదుకవలెను. ఆ వెదుకులాట మనలను ఆరున్నర శతాబ్దముల వెనుకకు తీసికొనిపోవును.

(2022 ఏప్రిలులో జిల్లా రెండుగా విడిపోయి, పెనుకొండ, హిందూపురము, ధర్మవరము, కదిరి ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఈ ప్రసంగములో పాత జిల్లానంతటిని అనంతపురమనియే వ్యవహరింతుము.)

ముందుగా ఎండకు దక్కవలసిన నింద ఎండకే ఇత్తము. టమాటా దక్షిణ అమెరికా కొండసీమల నుండి వచ్చిన మొక్క. రాత్రి చల్లదనము దాని పుట్టింటి అలవాటు. పగటి వేడిమి 35 డిగ్రీలు దాటి, రాత్రియు వెచ్చగా ఉన్నచో దాని పుప్పొడి చెడి, పూత పిందె కట్టకయే రాలిపోవును. సొర, బీర, కాకర జాతి తీగలు మిక్కిలి వేడిమిలో మగపూలను విరివిగా పూచి, ఆడపూలను తగ్గించును. తీగ పచ్చగానే ఉన్నది, కాయ ఏదీ అని ఇల్లాండ్రు విస్తుపోవుట ఇందుచేతనే. పొడి గాలిలో ఎఱ్ఱనల్లి వంగ, బెండ ఆకుల అడుగున చేరి రసము పీల్చును. వంగ, గోరుచిక్కుడు మాత్రము ఈ వేడిమిని చాలవరకు సహింపగలవు. అందులోను సీమలో మటికలని పిలువబడు గోరుచిక్కుడు లోతుగా వేరు దింపు మొక్క. దాని ఓర్పు గొప్పది. ఇవన్నియు నిజములే. కాని ఇవి నీరున్న పెరటికి వచ్చు చిక్కులు. నీరు లేని పెరడు ఇంతదూరము రానే రాదు.

ఇక నీటి లెక్క చూతము. పడమటి కనుమలు నైరృతి మేఘములను తమ ఆవలి వైపుననే దింపుకొనును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి అలసిపోవును. ఈ రెంటి నడుమ చిక్కిన అనంతపురమునకు సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల వాన పడిన అది మంచి ఏడు. ఆకాశము తిరిగి పీల్చుకొనగల నీరు దీనికి సుమారు మూడు రెట్లు. నడివేసవిలో తడినేలనుండియు ఆకులనుండియు దినమునకు ఏడెనిమిది మిల్లీమీటర్ల నీరు ఆవిరియై పోవును. ఒక మిల్లీమీటరు అనగా ఒక చదరపు మీటరు నేలకు ఒక లీటరు. ఇరువది చదరపు మీటర్ల చిన్న పెరటికి దినమునకు నూటయేబది లీటర్లు, అనగా పదునైదు లీటర్ల బిందెలు పది కావలెను. బావి దొడ్డిలోనే ఉన్న ఇంట పది బిందెలు పెద్ద పని కాదు. బావి ఊరి చివర ఉన్నచో, ఆ పది బిందెలు ఒక ఆడుదాని మెడమీదను నడుముమీదను పోవలెను. ఎండ అందరికి ఒక్కటే. బిందె బరువు మాత్రము అందరికి ఒక్కటి కాదు.

ఈ లెక్కను పూర్వులు అంకెలలో వ్రాయలేదు గాని, దాని సారము వారికి బాగుగా తెలియును. 1364లో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వాగునకు అడ్డముగా చెరువు కట్టించినాడని స్థానిక చరిత్ర చెప్పుచున్నది. కట్టకు ఒక కొసను బుక్కరాయసముద్రము, రెండవ కొసను అనంతసాగరము వెలసినవి. ఆ రెండవదే నేటి అనంతపురము. ఊరు పుట్టి చెరువు త్రవ్వుకొనుట లోకములో సామాన్యము. ఇక్కడ చెరువు పుట్టి ఊరిని కన్నది.

అయిదేండ్లకు, 1369లో, ఇప్పటి కడప జిల్లాలోని పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఒక పెద్ద చెరువు కట్టించి శాసనము వేయించినాడు. చెరువునకు ఉండవలసిన పండ్రెండు సాధనములను, ఉండరాని ఆరు దోషములను అందు వివరించినాడు. ఆ దోషములలో ఒకటి మన విషయమునకు సూటిగా తగులును: నీరు తక్కువయై, పారించవలసిన నేల ఎక్కువగుట. ఇది రాజులు కట్టు చెరువులను గూర్చి చెప్పినదే అయినను, వేసవిలో పెరడు పెంచువారు గోడమీద వ్రాసికొనదగిన మాట. ఎన్ని మడులు వేయుదము అను ప్రశ్నకు జాబు విత్తనాల సంచిలో ఉండదు, బావిలో ఉండును.

చెరువు నీరు నేరుగా పెరటికి రాదు. చెరువు నిండిన యేడు దాని దిగువనున్న ఊరిబావులలో ఊట నిలుచును. చెరువు ఎండిన యేడు బావియు ఎండును. కనుకనే చెరువు కట్ట తెగుట ఈ సీమలో ప్రళయముతో సమానము. బుక్కరాయసముద్రపు కట్ట తెగబోగా ముసలమ్మ అను కోడలు తన ప్రాణమునే అడ్డువేసినదను కథ అనంతపుర చరిత్రలో ఉన్నది. బ్రౌను దొర ఆ చరిత్రను 1853లో ఇంగ్లీషున ప్రచురించినాడు. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగా ఉండగానే, 1899లో, ఆ కథను కావ్యముగా రచించినారు. ముసలమ్మను దేవతగా తలచువారును, ఒక నిరపరాధిని బలిగొన్నారని వగచువారును కలరు. మేము గమనించినది ఒక్కటే: నీటికొఱకు ఇంటి కోడలినే అడిగినారు. ఆ తరువాత శతాబ్దములలోను నీటి బరువు మోసినది ఆమెయే.

బావినుండి నీరు పైకి తెచ్చుటకు తోటలలో కపిల ఉండెడిది. రెండెడ్లు వాలు బాటలో దిగుచుండగా తోలుబాన పైకి వచ్చి తొట్టిలో నీరు క్రుమ్మరించును. కపిల క్రింద మిరప, వంగ, ఎఱ్ఱగడ్డలు పండించు రైతు ఇంట వేసవిలోను కూరకు లోటు లేదు. పెన్న, చిత్రావతి ఒడ్డున ఉన్నవారికి మఱియొక ఆధారము ఉండెడిది. ఏరు ఎండినను ఇసుకక్రింద నీరు పారుచుండును. దానిని ఊటకాలువలు త్రవ్వి తోటలకు మలపుకొనెడివారు. మిగిలిన జనమునకు పెరడు అనగా స్నానాల గది వెనుక నీరు పారుచోట ఒక అరటి, ఒక మునగ, ఒక కరివేప, అంట్లు తోము బండ ప్రక్కన బచ్చలిపాదు. ఒకసారి వాడిన నీటిపై బ్రతుకు పెరడు ఇది. ఈ చిన్న పెరడే ఎక్కువ కరువులను దాటినదని మా అభిప్రాయము.

అది దాటలేని కరువులును వచ్చినవి. 1876లో వానలు తప్పి, 1878 వరకు సాగిన ధాత కరువులో ఈ సీమ అప్పటి బళ్ళారి జిల్లాలో భాగము; అనంతపురము జిల్లాగా ఏర్పడినది 1882లో. అప్పుడు కరువుపనులలోని కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించినాడు. మదరాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ దానిని గట్టిగా ఎదిరించినాడు. గింజ ఒక్కటే మనిషిని నిలుపదు, కొలత పెంచి పప్పుదినుసులును చేర్చవలెనని ఆయన వాదము. రాగిసంగటిలోకి పిడికెడు ఆకుకూర ఎందుకో ఎఱిగిన ఇల్లాలికి ఈ వాదము క్రొత్త కాదు. బ్రతికియుంటే బలుసాకు తినవచ్చునను సామెత చమత్కారమునకు పుట్టినది కాదు. పెరడు ఎండిన యిండ్లవారు కంపలలో ఆకు దూసికొని తిన్న కాలమునకు అది సాక్ష్యము.

ఊరి బావి ఊరందరి బావి కాదనుటయు ఈ చరిత్రలో భాగమే. అంటరానివారని దూరముగా ఉంచబడినవారు బావి గట్టున నిలిచి, ఎవరైన దయతలచి పోసిన నీరు పట్టుకొని పోవలసివచ్చెడిది. త్రాగుటకే అట్టి నీరైనప్పుడు పాదుకు పోయుమాట ఎక్కడిది? 1950 రాజ్యాంగములోని 15వ అధికరణము బావులు, చెరువుల వాడుకలో కులభేదమును నిషేధించినది. ఆచరణ దానివెంట మెల్లగా నడచినది. వేసవి పెరడును గూర్చి పుస్తకములు వ్రాసినవారు ఎరువును, విత్తనమును వర్ణించినారు. బావి ఎవరిదను ప్రశ్న వారికి తోచినట్లు లేదు.

1952 కరువులో రాజాజీ ప్రభుత్వము రాయలసీమలో గంజికేంద్రములు తెరపించినది. సైనికులు వచ్చి ఎండిన బావులను లోతు చేసినారు. నెహ్రూగారు ఆ సంవత్సరమే సీమకు వచ్చి చూచినారు. సైనికుల గునపములకు తగిలినది ఈ సీమ అసలు రహస్యము: పైన పలుచని ఎఱ్ఱనేల, క్రింద కఠినశిల. నీరు నిలుచునది శిల పైభాగమున శిథిలమైన పొరలోను, సందులలోను మాత్రమే. ఆ పొర చిన్న గిన్నె వంటిది. త్వరగా నిండును, త్వరగా తరుగును. తరువాతి కాలమున బోరుబావులు వందల అడుగులు దిగి శిలల సందులలోని నీటిని తోడినవి. తొలుత పెరళ్ళు వేసవిలోను పచ్చబడినవి. పిదప ఒక్కొక్క ఊరిలో కపిల బావులు ఎండినవి, వాటి వెనుక బోర్లును ఎండినవి. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చట్టము వచ్చినది. లోతునుండి వచ్చిన కొన్ని నీళ్ళలో ఉప్పు హెచ్చు. అట్టి నీటితో తడిపిన మడిపై వేసవిలో తెల్లని పొర తేలినచో, మొక్క నీటి నడుమనే దప్పిగొనుచున్నదని తెలియవలెను.

ఇన్ని తరములు ఈ సీమ ఇల్లాండ్రు వేసవితో పోరినారా అనిన, పోరలేదు. కొంత లొంగి, కొంత దాచుకొని గడిపినారు. మాఘ ఫాల్గుణములలో కూర విరివిగా ఉన్నప్పుడే వంగ, మటిక, కాకర తరిగి ఎండబెట్టి ఒరుగులు చేసికొన్నారు. మిరపకాయలను మజ్జిగలో ఊరవేసినారు. పెరటిని పాడుచేసిన ఎండతోనే ఈ పని చేయించుకొనుటలో గల నేర్పు మెచ్చదగినది. వేసవిలో పచ్చనాకు కావలెననిన చింతచెట్టు చిగురించును, మునగ ఆకు నిచ్చును. ఈ రెండు చెట్లకు బిందెతో పని లేదు.

రెండు మూడు పాదులనైనను ఈ కాలములో నిలుపగోరువారు మడి ఎత్తుగా గాక పల్లముగా చేయుట, పాదుచుట్టు ఎండుగడ్డినో చెనక్కాయ పొట్టునో పఱచుట, ప్రొద్దు గ్రుంకిన పిదప నీరు పోయుట మంచిది. పడమటి వైపు కందికట్టెల దడి కట్టిన మాపటి ఎండ తగ్గును. కాల్చిన మట్టికుండను మెడవరకు పాదులో పాతి, నీరు నింపి మూతవేసినచో, నేల ఆరిన కొలది నీరు ఊరుచుండును. చీనాలో క్రీస్తుపూర్వము 1వ శతాబ్దపు ఫాన్ షెంగ్ జీ వ్యవసాయ గ్రంథము దోసజాతి పాదులకు ఈ ఉపాయమునే చెప్పినది. కుండకు రంగు గాని మెఱుగు గాని ఉండరాదు. దాని ఒంటి సన్నని రంధ్రములే దాని పనితనము.

మృగశిరలో తొలివాన పడువఱకు మిగిలిన మడులను ఖాళీగా విడుచుట వాడుక. అప్పటికి సొర, బీర, అనప విత్తనములు బూడిద కలిపి కుండలో మూతగట్టి వంటింటి అటకమీద సిద్ధముగా ఉండును.